కత్తి కూర్చునే బండ

మా అవ్వ ఫోటో మాకు ఒక్కటి కూడా మిగల్లేదు. అసలు ఆమె ఎప్పుడైనా ఫోటో దిగిందో లేదో కూడా తెలియదు. మా నాయినను కన్నతల్లి ఆమె, పేరు రూతమ్మ. నన్నూ మా తమ్ముడు దాసునూ పెంచింది ఆమే. ఆమె గుర్తుగా ఈ భూమ్మీద ఉన్నదల్లా ఒక ఇనుప ముక్క, ఆమె కత్తిపీటలోని కత్తి. పీటను చెదలు తినేశాయి గానీ ఇనుమును ఏం తింటాయి! ఆ కత్తిని నూనెగుడ్డలో చుట్టి వికారాబాద్‌లో మా వంటింటి పై అరలో దాచుకున్నాను. అప్పుడప్పుడూ తీసి, తుడిచి, నూనె రాసి, కాసేపు చూసుకుని మళ్లీ పెట్టేసేదాన్ని. పీట కొత్తది చేయించి వాడదామంటే కింద కూర్చోవాలి. నా మోకాళ్లు కూర్చోనిస్తే గదా! లైబ్రరీలో కొలువు చేసినన్నాళ్లూ అరల ముందు నిలబడీ నిలబడీ అవిప్పుడు వంగమంటే వంగవు. అందుకని వంటింటి గట్టు దగ్గర నిలబడి, అంగట్లో కొన్న తళతళలాడే కత్తులతో కుస్తీ పడుతుంటాను. వాటిని టమాట మీద పెడితే జారి నా వేలి మీదికొస్తాయి. తిట్టుకుంటూ వండుతాను. మా ఆయన బతికున్నప్పుడు "కూర కన్న నీ తిట్లే ఎక్కువ ఉడుకుతున్నయ్" అనేవాడు.

పోయిన వానకాలం చివర్లో తాండూరు నుంచి మా మరదలు కమల, అంటే దాసు భార్య, ఫోన్ చేసింది.

"వదినా, మీ తమ్ముడు వరండల నిప్పులు గక్కే మిషిను వెట్టిండు. ఆరేసిన బట్టలకు తూట్లు వడుతున్నయ్. నా మాట ఇంటలేడు. జర మీరన్న వచ్చి చెప్పున్రి."

దాసు బడిలో సైన్సు సారుగా చేసి రిటైరయ్యాడు. కొందరు రిటైరయ్యాక భక్తిలో పడతారు, కొందరు రాజకీయాల్లో పడతారు. మావాడు ఫోన్లో వీడియోలు చూసి చూసి కత్తులు చేయడంలో పడ్డాడు. అమ్మడానికి కాదు, ఉత్త సరదాకు. అందుకోసం ఒక చవక బెల్టు గ్రైండరు తెప్పించుకున్నాడు. ఒక మోటారు, రెండు మూడు చక్రాలు, వాటి మీద గిరగిరా తిరిగే ఉప్పుకాగితం లాంటి గరుకు పట్టీ. ఇనుప ముక్కను ఆ పట్టీకి ఆనిస్తే అరిగి కత్తి రూపం వస్తుంది. చెప్పడానికి ఇంతే. చవక సరుకు గదా, దాంట్లో ఏదీ సరిగ్గా లేదట. ఒక్కొక్కటే విప్పి మార్చుకుంటున్నాడట. కమల చేతిలోంచి ఫోన్ లాక్కుని అతనే నాతో మాట్లాడాడు.

"అక్కా, అవ్వ కత్తి నీ దగ్గర్నే ఉన్నది గద. తీస్కరా. పిడి పెట్టి చేతికత్తి జేసిస్త. నిలవడి కోసుకోవచ్చు నువ్వు."

"ఖరాబు జేస్తవేమోరా."

"నేను ఖరాబు జేస్తనా? సైన్సు సారును."

"గందుకే భయం."

నవ్వుతూ అన్నానే గానీ ఆ రాత్రి నాకు కుదురు లేదు. ఉన్నది ఒక్క కత్తి. వాడు బాగు చేస్తే అవ్వ మళ్లీ నా వంటింట్లోకి వచ్చినట్టే. చెడగొడితే ఇంకేం మిగలదు. ఇనుము అరిగాక మళ్లీ అతికించేది ఉండదు. అయినా పై అరలో గుడ్డ చుట్టుకుని పడి ఉండటానికా అవ్వ దాన్ని అంత జాగ్రత్తగా చూసుకున్నది? పొద్దున లేచి, కత్తిని సంచిలో చీరల మధ్య పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాను. పక్కన కూర్చున్నామె సంచి జరపబోతే "ముట్టకమ్మా, దాంట్ల కత్తున్నది" అన్నాను. పాపం, ఆమె లేచి వేరే సీటుకు పోయింది.

తాండూరు దగ్గర పడుతుంటే కంది చేలు తగ్గి బండల గుట్టలు మొదలవుతాయి. పలకలు పలకలుగా పేర్చిన నాపరాళ్లు, పాలిష్ మిషన్ల రొద, కాలువల్లో పారే తెల్లటి నీళ్లు. రైలు దిగగానే తడిసిన బండపొడి వాసన వస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు వయసు తెలియదు. నాయినా అమ్మా తెల్లవారకముందే బండల గనికి పోయేవాళ్లు. మా ఇల్లంతా బండే. నేల బండ, గోడ బండ, పైకప్పు బండ, సామాన్లు పెట్టుకునే అరలు బండ, నీళ్ల గోలెం మీద మూత కూడా బండే. అన్నం తినేటప్పుడు కంచం లేకపోయినా ఫరవాలేదు, కింద శుభ్రంగా కడిగిన బండ ఉంది గదా అనుకునేవాళ్లం. మా ఊరివాళ్లకు ఆ రాయి మీద ఉన్న నమ్మకం కట్టుకున్నవాళ్ల మీద కూడా ఉండదు. తలుపు కొట్టుకుంటుంటే బండ ముక్క పెట్టు, మంచం కాలు పొట్టిదైతే బండ ముక్క పెట్టు. ఏ జబ్బుకైనా అదే మందు.

అవ్వది కుల్కచర్ల వైపు. పెళ్లయి తాండూరు వచ్చేటప్పుడు ఆ కత్తిపీటను పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని చెప్పేది. నిట్టనిలువుగా నిలబడి కొసన కొంచెం వెనక్కి వంగిన కత్తి అది. మా వాడలో ఎవరింట్లో పెళ్లయినా, చావు భోజనమైనా, క్రిస్మస్ విందైనా కూరగాయలు తరిగే చోట అవ్వ ఉండాల్సిందే. పొద్దున్నే ఆడవాళ్లందరూ ఎవరి కత్తిపీట వాళ్లు పట్టుకుని వచ్చి గుండ్రంగా కూర్చునేవాళ్లు. మధ్యలో ఉల్లిగడ్డల కుప్ప, దాల్చాలోకి సొరకాయలు, పప్పులోకి మేం పుంటికూర అనే గోంగూర. అవ్వ ఒక మోకాలు ముడిచి పీట మీద పెట్టి, కొంగు నడుముకు దోపి కూర్చునేది. ఉల్లిగడ్డ రెండు చేతుల్తో కత్తికి ఆనించిందంటే అది తెగినట్టే ఉండదు, తనంతట తానే విచ్చుకున్నట్టు ఉండేది. మిగతావాళ్ల కత్తుల దగ్గర కరకరమని చప్పుడు వచ్చేది, అవ్వ కత్తి దగ్గర చప్పుడే లేదు. పక్కింటి కోడళ్లు ముక్కులు ఎగబీలుస్తూ కళ్లు తుడుచుకుంటుంటే అవ్వ మాత్రం పొడి కళ్లతో లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పేది. ఎవరి గేదె ఈనింది, ఎవరి అల్లుడు అలిగాడు, పాస్టరుగారి భార్య కొత్తచీర ఎక్కడ కొన్నది. ఆ ముచ్చట్లన్నీ విని బగారా అన్నం తిని ఇంటికి వచ్చేసరికి నా తలకు కూడా ఉల్లిగడ్డ వాసన పట్టేది. అవ్వ చేతులకైతే ఆదివారం ప్రార్థనలో కూడా అదే వాసన. ఆమె పక్కన కూర్చుని కళ్లు మూసుకుంటే నాకు ప్రార్థన కన్నా ముందు కూర గుర్తొచ్చేది.

ఎవరింట్లోనైనా విందు ఉందంటే ముందురోజు మధ్యాహ్నం అవ్వ కత్తి నూరేది. అది మాకు చూడదగ్గ పండగ. గోలెం పక్కన నేలలో పాతిన ఒక నాపరాయి ఉండేది. పీటకు బిగించిన చెక్క చీలను తట్టి కత్తిని ఊడదీసేది. బండ మీద చిటికెడు సన్నటి వాగు ఇసుక చల్లి, నీళ్లు చిలకరించి, కత్తిని పరిచి పట్టుకుని ముందుకూ వెనక్కూ నూరేది. ఎన్నేళ్లు నూరిందో, ఆ బండ నడుమ గుంట పడిపోయింది. వాన పడితే దాంట్లో నీళ్లు నిలిచేవి, పిచ్చుకలు వచ్చి తాగేవి. నూరడం అయ్యాక ఒక పుంటికూర ఆకును కాడ పట్టుకుని అంచుకు మెల్లగా ఆనించేది. నొక్కకూడదు, లాగకూడదు. ఆకు రెండుగా విడిపోతే "ఇగ సాలు" అనేది. విడిపోకపోతే మళ్లీ ఇసుక, మళ్లీ నీళ్లు.

ఇంకొక నియమం ఉండేది. కత్తిని ఎవరికీ చేతికి ఇచ్చేది కాదు, ఎవరి చేతిలోంచీ తీసుకునేది కాదు. చేతికిస్తే ఇద్దరికీ తగువు వస్తుందని ఆమె భయం. నేను కడిగి తెచ్చి అందించబోతే చేతులు వెనక్కి లాక్కునేది.

"చేతికియ్యొద్దు బిడ్డా. బండ మీద వెట్టు, నేను తీస్కుంట. మనకు మనకు లొల్లి ఎందుకు?"

నాకూ దాసుకూ పొద్దున లేస్తే లొల్లే. అందుకని మేమిద్దరం ఒకరి చేతికి ఒకరం కావాలని పెన్సిళ్లూ పుల్లలూ ఇచ్చుకుని "లొల్లి, లొల్లి" అని ఎగిరేవాళ్లం.

ఒకసారి పెద్ద లొల్లే అయింది, మాకు కాదు, అవ్వకూ నాయినకూ. తల్లి ఆ గుంటబండ మీద అవస్థ పడుతున్నదని నాయినకు జాలి. గనిలో మేస్త్రీని బతిమాలి, అద్దంలా పాలిష్ పట్టిన మంచి బండ ఒకటి భుజాన మోసుకొచ్చాడు. అవ్వ పుట్టింటికి పోయిన రోజు చూసుకుని పాతది పెకిలించి గోడ అవతల పారేసి, కొత్తది మట్టసంగా పాతాడు. మేమంతా దాని మీద చెయ్యి రాసి మురిసిపోయాం. అవ్వ తిరిగొచ్చి కత్తి పట్టుకుని కూర్చున్నది. రెండుసార్లు నూరి ఆగిపోయింది.

"నా బండేదిరా?"

"అరిగిపోయింది గదనే అమ్మా. మంచిది ఏసిన."

"అరిగిందని నేను నీకు చెప్పిన్నా? గా బండల కత్తి కూసుంటది. దీని మీద జారుతది. పోయి నా బండ తెచ్చి ఏడున్నదో ఆడ్నే వెయ్యి."

నాయిన ముఖం చూడాలి అప్పుడు! అంత బరువు మోసుకొచ్చినవాడికి ఒక్క మంచిమాట లేకపాయె. పాత బండ తెచ్చి మళ్లీ పాతాడు గానీ రెండు పూటలు అలిగి అన్నం తినలేదు. వాడంతా నవ్వుకున్నారు. ముసలితనపు మంకుపట్టు అని అమ్మ మెల్లగా గొణిగింది. మేమూ అలాగే అనుకున్నాం. అవ్వ పోయిన చాలా ఏళ్లకు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు పోయింది, ఇంటితోపాటు బండా పోయింది. కత్తి కూర్చోవడమేమిటో ఆమెను అడగాలని మాకు ఎప్పుడూ తోచలేదు.

దాసు వరండాలోకి అడుగు పెట్టేసరికి ఆ మిషను బల్ల మీద ఒంటెలా నిలబడి ఉంది. నేను సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. "ముందు నీ చేతి పని చూపియ్, తర్వాతనే కత్తి ఇస్త" అన్నాను. మావాడు బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టే మొదలుపెట్టాడు. వచ్చినప్పుడు ఇది మరీ వేగంగా తిరిగేదట. ఇనుము ఆనించిన వెంటనే కాగి, ముందు పసుపుగా, ఆపైన నీలంగా మారిపోయేది. నీలం తిరిగిందంటే ఉక్కులో బలం పోయినట్టే, ఇంక ఎంత నూరినా అంచు నిలవదు. అలా ఎన్ని ముక్కలు చచ్చాయో చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు. అందుకని మూతపడిన పిండిగిర్ని ఒకదాంట్లోంచి పెద్ద చక్రం తెచ్చి బిగించి వేగం తగ్గించాడు. పట్టీ పక్కకు జారిపోతుంటే, పై చక్రాన్ని అటూ ఇటూ వంచుకునేందుకు తలుపు మడతబందు ఒకటి పెట్టి, ఒక బోల్టు బిగించాడు. ఆ బోల్టు కొంచెం తిప్పితే పట్టీ బుద్ధిగా నడుమకు వస్తుంది. బండల పాలిష్‌కు నీళ్లు పోసినట్టే దీనికీ నీళ్లు కావాలని, మోటారుకు తడి తగలకుండా రేకు అడ్డం పెట్టి, సెలైన్ పైపుతో చుక్క చుక్క నీళ్లు పడేట్టు ఒక సీసా వేలాడదీశాడు.

"దవఖాన తీర్గ ఉన్నదిరా" అన్నాను.

"నవ్వకు. గీ సీసా పెట్టినంక ఒక్క ముక్క గూడ నీలం తిరగలే."

నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఆశ్చర్యంగానే ఉంది. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించలేక నాయిన చేత తన్నులు తిన్నవాడు వీడు! అది పైకి చెబితే ఎగురుతాడని ఊరుకున్నాను. అసలు గొప్ప ఇంకా ఉందన్నట్టు మిషను ముందువైపు చూపించాడు. ఇనుమును నొక్కినప్పుడు పట్టీ వెనక్కి పోకుండా దాని వెనక ఒక రేకు ఉండేదట. పల్చటి రేకు, కాగి వంగిపోయేది. దాన్ని తీసి పారేసి అక్కడ ఏం అంటించాడో చెప్పాలా? తాండూరు బండ! పాలిష్ పట్టిన, అరచేయంత నాపరాయి ముక్క.

"మస్తు సదరంగ, ఎత్తుపల్లం లేకుంట ఉంటదక్కా. మన బండకు మించింది ఏమున్నది? ఇగ కత్తి పక్కలు గీత గీసినట్టు వస్తయ్" అని, తాజాగా చేసిన కత్తి ఒకటి తెచ్చాడు. లారీ కమాను పట్టీ ముక్కతో చేసింది. స్టీలు స్కేలు దాని పక్కకు నిలువుగా ఆనించి, వెలుగుకు ఎత్తి చూపించబోయాడు. స్కేలు ఆనలేదు. నడుమ ఆనుతుంది, పైన కింద సందు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కత్తి పక్కలు సదరంగా లేవు, నడుమ ఉబ్బుగా ఉన్నాయి. దాసు ముఖం మాడిపోయింది. గబగబా పట్టీ ఊడదీశాడు. వెనక బండ ముక్క నడుమ చక్కటి గుంట.

"అరిగింది! వానకాలం గూడ దాటలే, గింత అరిగింది. తాండూరు బండ గిట్ల జేస్తదా అక్కా?" కట్టుకున్నావిడ మోసం చేసినా అంత బాధపడేవాడు కాదేమో. కమల వంటింట్లోంచి "మంచిగైంది" అన్నది. ఆమెకు తూట్లు పడిన చీరల బాధ ఉంది మరి.

"ఇయ్యాల్టికి వద్దు. నీ కత్తి వాపస్ తీస్కపో. గట్టి గాజుపలక తెప్పిస్త. అది అరగది. సదరంగ ఉన్నప్పుడే అవ్వ కత్తి ముట్టుకుంట" అన్నాడు. వాడన్నది న్యాయమే. నాకు కూడా ప్రాణం కుదుటపడింది, గండం గడిచిందని. లేవబోతూ ఊరికే ఆ గుంటలో బొటనవేలు పెట్టి రాశాను.

ఏం చెప్పను! వేలికి తెలిసిపోయింది. తడి తడిగా, చల్లగా, అంచుల నుంచి నడుమకు మెల్లగా దిగే ఆ గుంట నాకు తెలుసు. అవ్వ బండ గుంటలోనే నేను చిన్నప్పుడు చెయ్యి పెట్టి నీళ్లు తోడి దాసు మీద చల్లేదాన్ని. ఇక్కడ అరచేయంతే ఉంది గానీ అదే గుంట. సంచిలోంచి అవ్వ కత్తి తీసి, గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాను.

"దాసూ, నీ స్కేలు దీని మీద పెట్టు."

"ఎందుకు?"

"పెట్టుమంటున్న గద!"

పెట్టాడు. నడుమ ఆనింది, పైన కింద సందు. మళ్లీ తిప్పి రెండో పక్క పెట్టాడు. అదే ఉబ్బు. వాడు స్కేలు కింద పెట్టేసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను కత్తిని తీసుకెళ్లి, మిషనుకున్న బండ ముక్క గుంటలో నూరినట్టు పరిచి పెట్టాను. వదులు లేదు, కదలిక లేదు. కూర్చున్నది.

సీసాలోంచి నీళ్ల చుక్కలు పడుతూనే ఉన్నాయి, ఎవరూ కట్టేయలేదు. దాసు అన్నాడు, "గా బండల కత్తి కూసుంటది. గదేనా అక్కా అవ్వ అన్నది?" అవ్వ నూరుతుంటే బండ అరిగింది, అరిగిన బండ కత్తికి తన గుంటకు సరిపోయే ఉబ్బు ఇచ్చింది. కత్తీ బండా కలిసి బతుకంతా ఒకదాన్నొకటి చెక్కుకున్నాయి. బండ పోయి ఎన్నేళ్లో అయింది, ఇల్లు పోయింది, అవ్వ పోయింది. ఆ బండ గుంట ఎంత లోతో, ఎలా వంగిందో మాత్రం ఈ కత్తి పక్కల్లో అట్లాగే ఉంది. ఫోటో లేదని ఇన్నాళ్లూ ఏడ్చాను, ఆమె చెయ్యి ఆడిన ఆట అంతా నా వంటింటి పై అరలోనే ఉంది.

దాసులోని సైన్సు సారు మెల్లగా తేరుకున్నాడు. సదరంగా నూరితే అంచు పల్చబడి తొందరగా మొద్దువారుతుందట. ఇలా ఉబ్బుగా దిగితే అంచు వెనక దన్ను ఉంటుంది, తరిగిన ముక్క కత్తికి అంటుకోకుండా పక్కకు పడుతుంది. "అందుకే అవ్వ కత్తి చప్పుడు జేయకపోతుండె. నేను సదరం జేసి ఉంటె గదంతా అరగదీసి పారేస్తుంటి" అన్నాడు. పాపం నాయిన! ఆ పాలిష్ బండ మోసుకొచ్చినరోజు అవ్వ ఎంత పోగొట్టుకోబోయిందో ఆయనకూ తెలియదు, బహుశా అవ్వకూ మాటల్లో చెప్పడం తెలియదు. చేతికి తెలిసింది, అంతే.

"ఇప్పుడే చెయ్యి. గీ బండ మీదనే చెయ్యి" అన్నాను. చేతి పని చూస్తే గానీ కత్తి ఇవ్వనన్నదాన్ని నేనే తొందరపెట్టాను.

పట్టీ ఎక్కించి మిషను వేశాడు. నేను సీసా పక్కన నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయో లేదో కూడా గుర్తులేదు. దాసు అవ్వ కత్తిని పట్టీకి ఆనించాడు. నొక్కగానే పట్టీ వెనక గుంటలోకి ఒదిగింది. తుప్పు ఎర్రటి నీళ్లుగా కారింది, కింద బూడిదరంగు ఉక్కు బయటపడింది. ఒక్కో విడతకు ఆపి వట్టి వేళ్లతో ముట్టి వేడి చూసుకుంటున్నాడు. కొస దగ్గరికి వచ్చేసరికి నాకు పసుపుపచ్చ మరక కనిపించింది. నీలం తిరిగే ముందు ఉక్కు పసుపు తిరుగుతుందని వాడే చెప్పాడు గదా!

"ఆపురా! ఆపు! కాలిపాయె!"

దాసు చెయ్యి వెనక్కి లాగి మోటారు కట్టేశాడు. అయిపోయింది, అవ్వను మా చేతులారా కాల్చేశాం అనుకున్నాను. వాడు గుడ్డ కోసం అటూ ఇటూ చూసి, చివరికి తన చొక్కా అంచుతో ఆ మరక తుడిచాడు. పోయింది. తుప్పు నీళ్లు ఎండి కట్టిన చార అది. దాసు నా వైపు చూశాడు, నేను దాసు వైపు చూశాను. చిన్నప్పుడు "లొల్లి, లొల్లి" అని ఎగిరినట్టే ఇద్దరం పగలబడి నవ్వాం. కమల పరుగెత్తుకొచ్చి "ఇద్దరికీ పిచ్చి లేసిందా?" అన్నది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పీటలో దిగే కత్తి తోకకు తుమ్మచెక్క పిడి జిగురుతో బిగించి ఆరబెట్టాడు. పొద్దున కమల జొన్నరొట్టెలు కొడుతుంటే నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని ఆలోచిస్తున్నాను. ఇప్పుడు మా వాడలో పెళ్లి అయితే కూరగాయలు తరిగిన ముక్కలుగానే సంచుల్లో వస్తాయి. గుండ్రంగా కూర్చునే ఆడవాళ్లు లేరు, ముచ్చట్లు ఫోన్లలో జరుగుతాయి. నేను ఒక్కదాన్నే గట్టు ముందు నిలబడి ఒక ఉల్లిగడ్డ, రెండు టమాటలు కోసుకుంటాను. ఆ రోజులే మంచివని అనను. అవ్వ నడుము చివరికి ఎలా ఒంగిపోయిందో చూసినదాన్ని. అవ్వకు బతుకంతా పట్టిన గుంట మోటారుకు ఒక వానకాలంలో పడింది. ఇది గొప్పా అది గొప్పా అంటే చెప్పలేను. రెండు గుంటలూ ఒకటే కావడం చూసి నోరు తెరిచినదాన్ని, ఇంకా మూసుకోలేదు.

దాసు కత్తి కడిగి తెచ్చి పిడి నా వైపు తిప్పి అందించాడు. నా చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. వాడికి వెంటనే గుర్తొచ్చింది. వంటింటి గట్టు బండ మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను తీసుకున్నాను. కమల పుంటికూర కట్టలోంచి ఒక ఆకు తుంచి ఇచ్చింది. కాడ పట్టుకుని అంచుకు ఆనించాను, నొక్కలేదు, లాగలేదు. ఆకు రెండుగా విడిపోయింది. అవ్వా అని పైకే అన్నాను. కళ్ల నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

"ఇగ సాలు" అన్నాడు దాసు, అచ్చం అవ్వ గొంతుతో.

బయల్దేరేటప్పుడు కత్తిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాక నాకు ఆశ పుట్టింది. మిషను వైపు చూశాను. "ఎట్లైనా గాజుపలక తెప్పిస్తనంటివి గద. గా గుంటబండ ముక్క నాకియ్యి. గుర్తుగ పెట్టుకుంట" అన్నాను. వాడు పట్టీ జరిపి, ఆ ముక్క మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాశాడు. నిన్న ఆ అరుగుడును చూసి ఏడవబోయినవాడే.

"ఇయ్యనక్కా" అన్నాడు. "ఇది ఇంకా జర అరగాలె."